నూట నలభై మూడో అభ్యంతరం

ఆమె రేవు పక్కనున్న ప్రణాళికా కార్యాలయంలో గుమాస్తా. సముద్రంలో ఎనభై గాలిమరలు నిలబెట్టడానికి ఒక కంపెనీ అనుమతి అడిగింది. ఇచ్చేముందు జనం మాట వినాలని చట్టం. జనం రాసిన అభ్యంతరాలను చదివి, తొమ్మిది రకాలుగా విడదీసి, ఒక్కోదానికి జవాబు రాయడం ఆమె పని.

నూట నలభై మూడో ఉత్తరం తెరవగానే ఆమె గుర్తుపట్టింది. అది వాళ్ల అన్నయ్యది. అక్షరాలు మాత్రం ఆమెవే.

అన్నయ్య ముప్పై ఏళ్లుగా సముద్రంలో బోనులు దించి పీతలు పడతాడు. చెప్పిన వేళకు ఒడ్డుకు చేరతాడని రేవులో అందరూ అతన్ని గడియారం అంటారు. నెల కిందట వంటింటి బల్ల మీద కాగితం పెట్టి, "నేను చెప్తా, నువ్వు రాయి. నా రాత కోడి గెలికినట్టుంటుంది" అన్నాడు.

"నేను అక్కడ పనిచేస్తున్నాను కదా అన్నయ్యా. రాయకూడదు."

"నిన్ను ఒప్పుకోమన్నానా? రాయమన్నాను, అంతే."

అమ్మా నాన్నా పోయాక ఆమెను పెంచింది అతనే. కాదనలేకపోయింది.

అతను చెప్పింది చిన్న సంగతే. కరెంటు కేబుల్ వేసే దారిలో, సముద్రం అడుగున ఒక పెద్ద గుంట ఉంది. చలికాలమంతా గుడ్లతో ఉన్న ఆడపీతలు అక్కడ ఇసుకలో కూరుకుని ఉంటాయి. కంపెనీవాళ్లు వేసవిలో సర్వే చేశారు కాబట్టి వాళ్లకు గుంట ఖాళీగా కనిపించింది. కేబుల్‌ను కాస్త ఉత్తరానికి తిప్పితే చాలు.

ఆమె ఉత్తరం పట్టుకుని పైఅధికారి గదికి వెళ్లింది. ఏ కాగితమిచ్చినా ముందు కామాలు దిద్దుతాడని ఆయనకు కామా సారని పేరు.

"సార్, ఇది నేను రాసింది."

"తెలుసమ్మా. ఏడేళ్లుగా చూస్తున్నాను నీ చేతిరాత."

"మరి నాకే ఎందుకు పంపారు?"

"ఎవరికి పంపినా జవాబు ఒకటే. దారి మార్చాలంటే మళ్లీ సర్వే, అంటే ఇంకో ఏడాది. పైవాళ్లు ఆగరు. నువ్వైతే నొప్పి తెలియకుండా రాస్తావు."

"నేను తప్పుకుంటాను సార్."

"తప్పుకుంటే కారణం రాయాలి. రాస్తే, ఆఫీసు మనిషి రాసిన ఉత్తరమని దీన్ని కొట్టేస్తారు. రేపు విచారణలో మీ అన్నయ్య నోరు విప్పే వీలు కూడా ఉండదు." ఆయన గొంతులో బెదిరింపు లేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. సాయంత్రం దాకా కూర్చుని నాలుగు వాక్యాలు రాసింది. 'వేసవిలో జరిపిన సర్వేలో పీతల ఉనికి కనిపించలేదు' అన్నచోట కామా సారు మొదటి రెండు మాటలు కొట్టేశాడు.

విచారణ ఒక బడి హాల్లో జరిగింది. మనిషికి మూడు నిమిషాలు. అన్నయ్య రెండు నిమిషాల్లో ముగించి, టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. జవాబు చదవాల్సింది ఆమే. కాగితం మీద లేకపోయినా, "వేసవిలో జరిపిన సర్వేలో" అని చదివింది.

విచారణాధికారిణి తలెత్తింది. "చలికాలంలో చూడలేదా?"

కంపెనీ ఇంజనీరు కాగితాలు తిరగేశాడు. "లేదండి."

ఆవిడ ఏదో రాసుకుంది.

ఆరు వారాలకు తీర్పు వచ్చింది. అనుమతి ఇచ్చారు, ఒక షరతు పెట్టారు: కేబుల్ వేశాక, వచ్చే చలికాలం ఆ గుంటను పరిశీలించాలి. కామా సారు ఆమెను ఏమీ అనలేదు. గాలిమరల రెండోదశ మీద వచ్చే అభ్యంతరాలకూ ఆమె పేరే రాశాడు.

ఇంటికెళ్లి అన్నయ్యకు అంతా చెప్పింది. జవాబు రాసిందీ తనేనని చెప్పింది.

"చదువుతున్నప్పుడే అనుకున్నా. నీ గొంతు నాకు తెలీదా?" అని, "ఆదివారం బోనులు తీసేయాలి. కేబుల్ వేసే ఓడ వచ్చేస్తోంది. వస్తావా?" అన్నాడు.

వెళ్లింది. మధ్యాహ్నం ఎండలో కేబుల్ ఓడ దూరంగా లంగరు వేసి కనిపిస్తోంది. చలికాలం అప్పుడే మొదలైంది. ఆ గుంటలోంచి పైకి లాగిన బోనుల్లో అన్నీ ఆడపీతలే, పొట్ట కింద గుడ్ల గుత్తులతో. అన్నయ్య ఒక్కొక్కదాన్నీ తీసి మళ్లీ అక్కడే నీళ్లలోకి జారవిడుస్తున్నాడు.

"ఇక్కడే ఎందుకు వదులుతున్నావు?"

"ఎక్కడ వదిలినా ఇక్కడికే వస్తాయి," అన్నాడు అన్నయ్య. "ఆ తాడు అందుకో."

ఆమె తాడు అందుకుంది.