అయ్య గొంతుకి లేచిన బరువు

గాలికి తడి ఇసుక వాసన.

దాని వెనకే ఇనుము వాసన.

సువర్ణరేఖ ఏటి మీంచి బయల్దేరిన పొద్దుటి గాలి భుయ్యాడీహ్ బస్తీ రేకుల ఇళ్ల మధ్యకి చేరేటప్పటికి ఆ రెండు వాసనలూ కలిసిపోయి ఉంటాయి. ఏది ఏటిదో, ఏది కార్ఖానాదో ఎవరూ విడదీయలేరు. ఆదిబాబు పుట్టినప్పటినుంచీ పీలుస్తున్నది ఆ గాలే. అతని అయ్య తవిటయ్య ముప్ఫై ఏళ్లు పీల్చాడు.

ఇప్పుడు పీల్చలేకపోతున్నాడు.

గుమ్మంలో కూర్చుంటాడు తవిటయ్య. మోకాళ్ల మీద మోచేతులు ఆన్చి, ముందుకి వంగి... గాలిని బతిమాలుకుంటున్నట్టు.

ఆ గొంతు ఒకప్పుడు దూలాల్ని లేపింది.

శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఖలాసీల ముఠా అది. పదహారు మంది. క్రేను చెయ్యి అందని మూలల్లో ఇనప దూలాన్ని మనుషులే మొయ్యాలి. పదహారు మంది బలం పదహారు చోట్ల ఉంటే దూలం నవ్వుతుంది. ఒక్క చోటికి రావాలి. తెచ్చేది తవిటయ్య గొంతు.

ఓ... అని సాగదీసేవాడు. ఇసుక తిన్నె మీద గాలి సాగినట్టు సాగేది. పదహారు మందీ ఊపిరి బిగబట్టేవారు.

హైస్సా!

ఆ మాట పడేదాకా ఎవడి వేలూ కదలదు. పడ్డాక ఎవడి వేలూ ఆగదు.

ఆదిబాబు పద్దెనిమిదో ఏట ఆ ముఠాలో చేరాడు. పదేళ్లు ఆ గొంతుకి ఎత్తాడు. చెవి విని, తల ఆలోచించి, చెయ్యి కదలడం కాదది. మధ్యలో తల లేదు. గొంతూ, చెయ్యీ — అంతే.

తరవాత ఆ గొంతులోకి దుమ్ము దిగింది. మెల్లగా... వరదకి మేట వేసినట్టు.

కాంట్రాక్టు కూలీకి ఆస్పత్రి కార్డు ఉండదు. పర్మినెంటు మనిషికి ఉంటుంది. ఆ మనిషి కన్నవాళ్లకీ ఉంటుంది. బస్తీలో కార్డున్న ముసలాళ్లు దగ్గుతూ వెళ్లి, దగ్గు తగ్గి వచ్చారు. ఆదిబాబు చూశాడు.

అదే అతని లోపల పడింది. కార్డు. అయ్యకి ఊపిరి.

దారి చూపించింది సీతారామరావు గారు. కార్ఖానా ఆటల ఆఫీసులో గుమస్తా. సాయంత్రాలు క్లబ్బులో కుర్రాళ్ల చేత బరువులెత్తిస్తారు. ఓ రోజు షెడ్డులో ఆదిబాబు ఒక్కడే ఇనప చక్రాన్ని నేలమీంచి లేపడం చూసి ఆగిపోయారు.

"పోటీలో నీ తూకంవాళ్లలో ఫస్టు రా. మిగతాది నేను చూస్తాను. పర్మినెంటు ఇస్తారు. కానీ ముప్ఫై దాటితే తీసుకోరు. నీకెన్ని?"

"ఇరవై తొమ్మిదండి."

"అయితే ఒక్క ఏడాదే ఉంది."

ఆ ఏడాది ఎలా గడిచిందో ఆదిబాబుకి తెలీదు. పెళ్లాం దాలమ్మకి తెలుసు. డ్యూటీ నుంచి క్లబ్బుకి, క్లబ్బు నుంచి మంచానికి. కోడిగుడ్డు ఉడకబెడితే తెల్లసొన మొగుడికి, పచ్చసొన కూతురికి, ఉడికిన నీళ్లు తనకి.

"ఇంట్లో నీళ్ల బిందె ఎత్తమంతే నడుం నొప్పంతాడు. అక్కడ ఇనుము మొయ్యడానికి మాత్రం పరిగెడతాడు" అనేది పక్కింటి పోలమ్మతో, అతనికి వినబడేలా.

తవిటయ్యకి అసలు ఆ ఆటే అర్థం కాలేదు.

"ఎత్తి ఏటి సేత్తావురా?"

"మళ్లీ అక్కడే దించెత్తాను, అయ్యా."

"అక్కడేనా? ఎక్కడికీ సేర్చవా?" ముసలాడు నవ్వబోయాడు. నవ్వు దగ్గయింది. "మరెందుకెత్తినట్టురా, పిచ్చోడా?"

మూడు ఎత్తులు ఆ ఆటలో. భుజాల మీద బరువుతో గొంతుక్కూర్చుని లేవడం. బల్ల మీద వెల్లకిలా పడుకుని, గుండెల మీదికి దించుకున్న బరువుని పైకి నెట్టడం. ఆఖరికి, నేలమీంచి లేపడం.

నేలమీంచి లేపడంలో ఆదిబాబుకి ఎదురులేదు. అది ఖలాసీ సొత్తు.

కష్టం బల్ల దగ్గరే. గుండెల మీద కడ్డీ ఆనాక కదలకూడదు. రిఫరీ చప్పట్లు కొట్టేదాకా అలాగే ఉండాలి. ముందు లేపితే చెల్లదు.

పాటకి ఎత్తినవాడికి చప్పట్లు అలవాటు కాలేదు. సీతారామరావు గారు తిట్టి నేర్పారు. దాలమ్మ నవ్వి నేర్పింది. ఆదివారాలు ఆదిబాబు నేల మీద వెల్లకిలా పడుకునేవాడు. ఆరేళ్ల చిన్నమ్మి నాన్న అరచేతుల మీద బద్దలా బిగుసుకుని పడుకునేది. గుండెలకి ఆన్చుకునేవాడు. ఆగేవాడు. దాలమ్మ కావాలని ఆలస్యం చేసేది...

"కొట్టవే, సచ్చిపోతన్నాను!"

"ఉండు మావా, చెయ్యి తడిగున్నాది, తుడుసుకోనీ."

చప్పట్లు. చిన్నమ్మి గాల్లో. ఫిర్ సే, ఫిర్ సే అని అరిచేది, మళ్లీ ఎత్తమని.

ఇంటికి ఆ ఏడాదిలో దక్కిన నవ్వు అదొక్కటే.

పోటీ రోజు తవిటయ్య తనూ వస్తానన్నాడు. ఉతికిన పంచె కట్టుకున్నాడు. రిక్షాలో హాలుకి బయల్దేరారు. దాలమ్మ ఒళ్లో చిన్నమ్మి. వీధి చివర గాలి లేచి, ఎర్ర దుమ్మును కొంతదూరం మోసి, దించేసింది.

భుజాల ఎత్తు బాగానే అయింది.

బల్ల దగ్గర నూటపది కేజీలు. మొదటిసారి నడుము బల్ల మీంచి లేచింది. ఎర్ర దీపాలు వెలిగాయి, చెల్లదని. రెండోసారి ఎడమ చెయ్యి వెనకబడింది. మళ్లీ ఎర్ర దీపాలే. వేసిన బరువు తగ్గించడం నియమంలో లేదు. మూడోదే ఆఖరు. అది పోతే పోటీలోంచే వెళ్లిపోవాలి. నేలమీంచి లేపే బరువు దాకా చేరడమే ఉండదు.

"తొందరేం లేదు" అన్నారు సీతారామరావు గారు చెవిలో. "చప్పట్లు విను. అంతే."

పడుకున్నాడు ఆదిబాబు. కడ్డీ అందుకున్నాడు. దించాడు. గుండెల మీద ఆన్చాడు.

ఆగాడు.

హాలంతా ఆగింది. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. చేతుల్లో బలం ఉంది. ఆ క్షణాన అతనికి తెలుసు — ఇది లేస్తుంది. చప్పట్లు పడితే చాలు.

మూడో వరసలో తవిటయ్య చూస్తున్నాడు.

కొడుకు వెల్లకిలా ఉన్నాడు. మీద ఇనుముంది. కదలడం లేదు. చుట్టూ ఇంతమంది జనం, ఒక్కడూ నోరు విప్పడం లేదు. ముప్ఫై ఏళ్ల ఖలాసీ బతుకులో అలాంటి నిశ్శబ్దం తవిటయ్య రెండుసార్లు చూశాడు. రెండుసార్లూ ఇనుము కింద ఉన్నవాడు లేవలేదు.

నా కొడుక్కి పాడేవాడు లేడు.

లేచి నిలబడ్డాడు ముసలాడు. ఎక్కడ మిగిలిందో, ఎన్నాళ్లుగా అడుగున దాగి ఉందో... ఆ ఊపిరంతా ఒక్కసారిగా తోడుకున్నాడు.

ఓ...

సాగింది. ఇసుక తిన్నె మీద గాలిలా సాగింది.

హైస్సా!

ఆదిబాబు చేతులు లేచాయి.

నూటపది కేజీలు, దూదిలా. అంత తేలిగ్గా అతను ఏనాడూ ఎత్తలేదు. మోచేతులు బిగిశాక, కడ్డీ ఆకాశంలో ఉండగా, అప్పుడు తెలిసింది. చప్పట్లు వినలేదని.

ఎర్ర దీపం. ఎర్ర దీపం. ఎర్ర దీపం.

వెనక సీతారామరావు గారు నెత్తి కొట్టుకుంటూ వచ్చారు. "ఎవడయ్యా ఆ అరిచిన వెధవ? ఎవడు?"

ఆదిబాబు పట్టు కోసం చేతులకి రాసుకున్న సుద్దపొడి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"తెలీదండి" అన్నాడు.

నేలమీంచి లేపే బరువు వేదిక మీదికి తెచ్చి పెడుతున్నారు. వేరేవాళ్ల కోసం. అతను లేపగలిగినదానికన్నా ఇరవై కేజీలు తక్కువ. చూస్తూ నిలబడ్డాడు.

బయట మెట్ల మీద తవిటయ్య కూర్చుని ఉన్నాడు. పెదాలు నల్లబడ్డాయి. దాలమ్మ వీపు రాస్తోంది. ముసలాడి మొహం మాత్రం — పండగ.

"లేసిందిరా!" అన్నాడు. ఊపిరి పట్టుకుని మళ్లీ, "సూసావా? రెండుసార్లు లెగనేదు. నాను పిలిసాను. లేసింది."

ఆదిబాబు దాలమ్మ వైపు చూశాడు. ఆమె అప్పటికే చూస్తోంది. దీపాల రంగు ఆమెకి తెలుసు.

"లేసింది, అయ్యా" అన్నాడు ఆదిబాబు. "నువ్వు పిలవబట్టే."

"మరి! ఎత్తిన బరువు ఎత్తినట్టే." కాసేపు దగ్గి, "పర్మినెంటు కాయితం ఎప్పుడొత్తాది?"

"వత్తాది."

అబద్ధానికి బరువుండదంటారు. ఎత్తినవాడికి తెలుస్తుంది.

వర్షాలు వచ్చాయి. ఆదిబాబుకి ముప్ఫై దాటాయి. ముఠాలో ఇప్పుడు పాట లేదు. కొత్త మేస్త్రీ ఈల ఊదుతాడు. సాయంత్రం ఇంటికొస్తే ఆదిబాబు బిందెలు రెండూ తనే మోస్తున్నాడు. దాలమ్మ వద్దనదు, ఎగతాళీ చెయ్యదు. ఆమె ఎగతాళి చేస్తే బాగుండునని అతనికి ఉంటుంది.

తవిటయ్య మాట్లాడటం మానేశాడు.

మొదట్లో జబ్బు ముదిరిందనుకున్నారు. గంజి కావాలంటే చెయ్యి చూపిస్తాడు. పోలమ్మ పలకరిస్తే తలూపుతాడు. చిన్నమ్మి తాత ఒళ్లో కూర్చుని గడ్డం లాగి, తాత మాట్లాడడేమని తల్లిని అడిగింది, "దాదా బోల్తే క్యోం నహీ?"

ఆదిబాబు వెళ్లి అయ్య పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఏటయ్యా? నా మీద కోపమేటి?"

ముసలాడు అడ్డంగా తలూపాడు. కొడుకు చెవిని దగ్గరికి లాక్కున్నాడు. గొంతు కాదది. పెదాల మీద కదిలిన గాలి.

"ఊపిరి దాసుకుంతన్నాను. మళ్లీ నువ్వెప్పుడెత్తుతావో సెప్పు. వత్తాను."

అంత మాటకే అలిసిపోయాడు. గోడకి జారబడ్డాడు. నోరు గట్టిగా మూసుకున్నాడు — ఒక్క చుక్క కూడా ఒలకనివ్వనట్టు.

ఆదిబాబు అక్కడే కూర్చున్నాడు. పోటీ ఏదో ఉందని చెప్పాలా... ఇంక లేవని చెప్పాలా...

ఏటి మీంచి గాలి వచ్చింది. గుమ్మం దాకా వచ్చింది. తడి ఇసుక వాసన, ఇనుము వాసన.

ముసలాడి గుండెలు దానికోసం కొంచెం లేచాయి.

ఆగాయి.

ఆదిబాబు ఊపిరి బిగబట్టాడు, హైస్సా కోసం ఆగినట్టు.