బంతిపూల గిన్నె

“ఆ పూల కషాయం దించేయమ్మా, పాలు కాచాలి. అమ్మాయి వాళ్ళు వచ్చేస్తున్నారు,” అన్నారు అత్తగారు.

“కాస్త ఆగండి అత్తయ్యా, స్కార్ఫులు రంగులో నానుతున్నాయి. ఇప్పుడే వస్తా,” అని కోడలు బకెట్టుతో మేడ మీదికి వెళ్ళింది, భర్త చొక్కాలు ఆరేయడానికి.

దిగొచ్చేసరికి కషాయం పెట్టిన స్టీలు గిన్నెలో పాలు పొంగుతున్నాయి. కషాయం, స్కార్ఫులతో సహా, ఇనప బాణలిలోకి మారింది. బంతిపూల రంగుకు ఇనుము తగిలితే పసుపు నిలవదు. స్కార్ఫులన్నీ తడిగోడ మీది నాచులా తయారయ్యాయి.

“పారబోయలేదుగా, జాగ్రత్తగానే వంచాను,” అన్నారు అత్తగారు.

“దాన్దేముంది, రంగు రంగేగా,” అన్నాడు భర్త పేపరు వెనకనుంచి. ఓసారి ఆయన తెల్లచొక్కా కాలరు మీద పసుపు చుక్క పడింది. ఆ రోజు మాత్రం రంగుల్లో తేడా గురించి సాయంత్రం దాకా మాట్లాడాడు.

రేపు బట్టల దుకాణం ఆవిడకు ఇవ్వాల్సిన స్కార్ఫులవి. ‘సరిగ్గా ఇదే పసుపు వస్తే నెలనెలా తీసుకుంటా’ అందావిడ. ఆ మాటకి ఆమె దారంతా తనలో తనే నవ్వుకుంటూ నడిచొచ్చింది. ఇంట్లో చెబితే ‘టైంపాస్ బాగుందే’ అన్నారు. ఇంటినిండా గిన్నెలే. తోమేటప్పుడు అన్నీ ఆమెవి, వాడుకుంటానంటే మాత్రం ఒక్కటీ కాదు. ఇన్నేళ్ళూ ఆమె వండింది సాయంత్రానికి మిగల్లేదు, తుడిచింది పొద్దుటికి మిగల్లేదు. ఉతికినా పోనిది చేసింది ఈ పసుపొక్కటే. అది కూడా పాలకి అడ్డమొచ్చింది.

దుకాణం ఆవిడకి ఫోన్ చేసి, “రేపు కాదండీ, వేరేవాటికి రంగేసి ఎల్లుండి ఇస్తాను,” అంది. “సరే, ఎల్లుండి తప్పకూడదు మరి,” అందావిడ.

ఆడపడుచు వాళ్ళు టీలు తాగి వెళ్ళాక ఆమె ఆ స్టీలు గిన్నె తోమి, నీళ్ళు పోసి, పొయ్యి మీద పెట్టింది. రంగు పట్టడానికి వేసే పటిక గుప్పెడు తీసి అందులో వేసింది.

“మళ్ళీ అదే గిన్నా?” అన్నారు అత్తగారు.

“పటిక వేసేశాను అత్తయ్యా. ఇకమీదట ఇది రంగుకే. తినేవీ తాగేవీ ఇందులో పెట్టకూడదు.”

పేపరు కిందికి దిగింది. “మరి రేపట్నించి పాలు ఎందులో కాస్తావు?” అన్నాడు భర్త.

“అది కాచేవాళ్ళు చూసుకోవాలి,” అంది ఆమె, బంతిపూల రేకులు తుంచుతూ.