రబ్బరు పాప ఊపిరి

వాన వెలిసిన ఉదయం. బస్తర్ అడవి అంచున ఉన్న ఆ మెడికల్ కాలేజీ కిటికీల దాకా మంచు వచ్చి నిలబడింది. బయట గుగ్గిలం చెట్లు కాసేపు కనబడి, కాసేపు మాయమవుతున్నాయి.

లోపల బల్ల మీద రబ్బరు పాప కళ్ళు మూసుకుని పడుకుంది. పుట్టగానే ఏడవని బిడ్డకు ఊపిరి అందించడం ఆ పాప మీదే నేర్చుకోవాలి. ముక్కూ నోరూ కప్పేలా మాస్కు పెట్టి, దానికి తగిలించిన సంచిని మెల్లగా నొక్కాలి. గాలి సరిగ్గా వెళితే ఛాతీ లేస్తుంది, పక్కనున్న డబ్బాలో పచ్చ దీపం వెలుగుతుంది.

ఇదివరకు ఈ పనులన్నీ పుస్తకంలో చదివి, కాన్పుల గదిలో పెద్దవాళ్ళ భుజాల మీదుగా తొంగి చూసి డాక్టర్లయ్యేవాళ్ళు. ఇంద్రాణి మేడమ్ వచ్చి పద్ధతి మార్చేశారు. ముందు రబ్బరు పాపకు ఊపిరి పోయాలి. ఆ తర్వాతే కాన్పుల గది.

మరైగూడ అనే పల్లె నుంచి చదువుకోవడానికి వచ్చిన లక్కేకు పచ్చ దీపం ఒక్కసారీ వెలగలేదు. ఈరోజూ వెలగకపోతే తోటివాళ్ళంతా లోపలికి వెళ్తారు, తను తర్వాతి బ్యాచ్ దాకా బయటే. పుస్తకంలో ప్రతి అక్షరం వచ్చు. కానీ పొట్టి పిల్ల. ఆ ఎత్తు బల్ల ముందు మునివేళ్ళ మీద నిలబడితే మణికట్టు వంకరపోయి, మాస్కు పక్కనుంచి గాలి తుస్సుమనేది.

"ఏటే, రాత్రి నిద్దట్లో నా తలగడ లాక్కుని ఒకటే నొక్కుడు. పాపం, దానికీ ఊపిరి రాలేదు," అంది ఉదయశ్రీ. కిరందుల్ గనుల కాలనీ పిల్ల, హాస్టల్లో లక్కేతో ఒకే గది.

"ఊకో ఉదయా. నా కాళ్ళు వణుకుతున్నయ్."

"కాళ్ళతో కాదులేవే పరీక్ష!"

మేడమ్ పిలిచారు. "బిడ్డ పుట్టింది. ఏడవట్లేదు. ఊఁ, కానియ్ లక్కే."

ఆ మాటకు గది మెల్లగా దూరం జరిగింది. ఎక్కడినుంచో పొయ్యి పొగ, కాగే నీళ్ళ వాసన. లక్కే చేతులు ఆమెను అడగకుండానే పాపను తువ్వాలుతో సహా ఎత్తుకున్నాయి. నేల మీద చతికిలబడి కాళ్ళు బారజాపింది. పాపను కాళ్ళ మీద, తల పాదాల వైపుకి పెట్టి పడుకోబెట్టింది. ఇంటి దగ్గర చెల్లి కోసే పసిదిగా ఉన్నప్పుడు తను నీళ్ళు పోసింది అలాగే మరి.

గది గొల్లుమంది.

"నీళ్ళు కాగాయా లక్కే? సున్నిపిండి తేనా?" వెనకనుంచి గిరీష్.

మాస్కు చేతిలో పట్టుకుని చూసుకుంటే పాప ముఖం ఎక్కడో పాదాల దగ్గరుంది. లక్కే చెవులు భగ్గుమన్నాయి. పాపను బల్ల మీద పెట్టేద్దామని లేవబోయింది.

"లేవమని నేనన్లేదే," అన్నారు మేడమ్. ఆవిడ నవ్వడం లేదు. "బిడ్డ చూస్తోంది నీకోసం."

లక్కే తువ్వాలు నేల మీద పరిచింది. పాప తల ఈసారి తన వైపుకు తిప్పి, మోకాళ్ళ మీద కూర్చుని వంగింది. మణికట్టు తిన్నగా నిలిచింది. మాస్కు ముఖానికి అతుక్కుంది. సంచి నొక్కింది, వదిలింది. తుస్సు లేదు. నీటి మీద ఆకు లేచినట్టు చిన్న ఛాతీ లేచి దిగింది. మళ్ళీ లేచింది. నవ్వులు, మంచు, కిటికీలు అన్నీ ఆ ఛాతీ చుట్టూ మెత్తగా తేలుతున్నాయి.

"లక్కే, పచ్చ దీపం ఎప్పుడో వెలిగింది. చాలు."

"ఆగుండ్రి మేడమ్, ఇప్పుడే పీల్చుకుంటాంది."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

మేడమ్ వచ్చి ఎదురుగా నేల మీదే కూర్చున్నారు. "రేపు మీరు వెళ్ళే ఊళ్ళలో బల్ల ఉంటుందో ఉండదో. ఇకనుంచి అందరూ నేల మీద కూడా చెయ్యాలి. గిరీష్, ముందు నువ్వే రా."

పొడుగు గిరీష్ మోకాళ్ళు మడవలేక పక్కకు ఒరిగిపోయాడు.

"ఆ తువ్వాలు మోకాళ్ళ కింద పెట్టుకో," అంది లక్కే.

మధ్యాహ్నానికి కాన్పుల గది తలుపు తెరుచుకుంది. లోపల ఎవరో అమ్మను తలుచుకుంటూ మూలుగుతున్నారు. లక్కే చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది.