కరిగిపోయిన జిడ్డు

వరదన్ మెస్సు వెనక ఒక జిడ్డు తొట్టి ఉండేది. గిన్నెలు కడిగిన నీళ్ళన్నీ ముందు అందులో పడేవి. వడల నూనె, సాంబారు తెట్టు, నెయ్యి, డాల్డా అంతా పైకి తేలి గడ్డకట్టేది. అడుగు నీళ్ళు మాత్రం గొట్టంలోకి దిగి, నేత వీధి కిందుగా పెద్ద కాలువకు పోయేవి. తేలిన జిడ్డును మునెమ్మ అనే పనిమనిషి రోజూ పొద్దున్నే పళ్ళెంతో తోడి, పెరట్లో గుంట తీసి పూడ్చేది. ఆ కంపుకు వరదన్ భార్య సరసమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే కాఫీ కలిపేది.

ఆ యేడు తమిళుల ఆడి నెల ముందర మద్రాసు నుంచి ఒక ఏజెంటు తళతళలాడే బూట్లతో దిగాడు. పెద్ద క్యానులో ఏదో మందు తెచ్చి, చెంబెడు తొట్టిలో పోసి చూపించాడు. తొట్టి బుసబుసా పొంగింది, అంతే, జిడ్డు మాయం. వరదన్ నోరెళ్ళబెట్టాడు. సరసమ్మ అయితే ఏజెంటుకు దణ్ణం పెట్టినంత పని చేసింది. ఆనాటి నుంచి మునెమ్మకు తొట్టి పని తప్పి, రుబ్బురోలు పని తగిలింది. సాయంత్రాలు మందు పోయడం సరసమ్మే తీసుకుంది. తొట్టిలో నీళ్ళు తేటగా కనిపిస్తుంటే ఆమెకు ముచ్చటేసేది.

మాయమైన జిడ్డు ఎక్కడికి పోయిందని మాత్రం ఆ ఇంట్లో ఒక్కరూ అడగలేదు. కంటికి కనిపించకపోతే పీడ విరగడైందనుకోవడం మనకు పుట్టుకతో వచ్చిన తెలివి. ఆ జిడ్డు మందుకు కరిగి గొట్టంలోకి దిగి, వీధి కింద చల్లబడి, సబ్బులాగా గట్టిపడి, పొర మీద పొర పట్టుకుంటూ పోయింది.

ఆడి కృత్తిక పండక్కి కొండమీది స్వామికి నేత వీధి తరఫున పట్టువస్త్రం వెళ్ళేది. ఏటా ఒక ఇంటి వంతు. ఆ యేడు సరసమ్మ అన్న ధర్మలింగం వంతు వచ్చింది. వాళ్ళ నాయన దానికోసం ఎదురుచూసి ఎదురుచూసి, రాకముందే పోయాడు. ఆ వస్త్రం పడుగుకు, అంటే మగ్గానికెక్కే నిలువు దారాలకు, ఒక నియమం ఉంది. ఎంగిలి నీటి చుక్క తగిలిందా, ఇక స్వామికి పనికిరాదు, వంతు పక్కింటికి పోతుంది. అందుకని ధర్మలింగం బీడీ మానేశాడు, చెల్లెలి మెస్సులో కాఫీ కూడా మానేశాడు. ఆమె అలిగితే, "కోపం చేసుకోవాకు సరసూ. స్వామి గుడ్డ కొండెక్కనీ, ఆమీట నీ మెస్సులోనే కాపరం పెడ్తా" అన్నాడు.

దారాలు బిగిసేందుకు గంజి పెట్టే రోజు తెల్లవారుతూనే వీధి ఊడ్చి, నీళ్ళు చల్లి, పడుగు సాగదీశారు. వీధి పొడుగునా వెదురు కర్రల మీద, నడుమెత్తున, ఎర్రటి పట్టు దారాలు. ఒక కొస ధర్మలింగం వాకిట్లో కట్టారు. రెండో కొసను మెస్సు పక్కన, మురుగు గొట్టం మీద కప్పిన బండకు దగ్గర్లో గుంజకు కట్టారు. పలచటి గంజి చల్లి కుంచెలతో దువ్వుతున్నారు. సరసమ్మ కూడా తలంటుకుని వచ్చి చెయ్యి వేసింది. మెస్సులో కొండకు కావళ్ళు మోసుకెళ్ళే జనం కిక్కిరిసి ఉన్నారు. గిన్నెల చప్పుడు వీధిలోకి వినిపిస్తోంది.

ఎంగిలాకులు పారేయడానికి వచ్చిన మునెమ్మ కేక పెట్టింది. "అక్కా! బండ కింద నుంచి నీళ్ళు ఉబుకుతా వుండాయి!"

తెల్లటి నురగతో మెస్సు నీళ్ళు పైకొస్తున్నాయి. నీళ్ళకు గుంజ మొదట్లో మట్టి నానింది, చూస్తుండగానే గుంజ ఒరిగి పడుగు కిందికి జారింది. ధర్మలింగం ఒక్క దూకున వచ్చి కొస కర్రను రెండు చేతులా పట్టుకుని వెనక్కి వాలాడు. తక్కినవాళ్ళు ఎక్కడికక్కడ వెదురు కర్రలు పట్టుకుని నిలబడిపోయారు. ఎవరు కదిలినా అక్కడ పడుగు కుంగుతుంది. ఎంగిలి నీళ్ళు పడుగు కిందికి పాకాయి. మధ్య జానెడు ఎడం.

"సరసూ, నీళ్ళు ఆపమను! సీక్రం పో! తడి పడుగు, మడిచేదానికి లేదు, వదిలేదానికి లేదు!"

సరసమ్మ పరుగెత్తింది. వంటింట్లోనూ నీళ్ళు పైకి తన్నాయి. వరదన్ పంచె ఎగ్గట్టి, ఒక చేత్తో మందు క్యాను, ఇంకో చేత్తో బాయిలరు నీళ్ళ బక్కెట్టు పట్టుకుని తొట్టి దగ్గర నిలబడి ఉన్నాడు.

"గిన్నెలు కడిగేది ఆపమను! అన్న పడుగు పోతా వుంది!"

"ఆపేదెందుకు మే? చెంబుతో పోస్తే చాల్లేదు, అంతే. క్యాను మొత్తం కొడితే అదే దారి తీస్తాది."

"వొద్దయ్యా! అది యాడికి పోతాది? వీధిలోకే గదా వచ్చేది!"

ఆమె క్యాను పట్టుకుని లాగింది. వరదన్ మోచేత్తో నెట్టేశాడు. "జనం ఆకుల ముందర కూచోనుండారు! అడ్డం లెయ్!"

మందంతా గుమ్మరించి, దాని మీద మరిగే నీళ్ళు పోశాడు. ఘాటైన ఆవిరి లేచింది. తొట్టిలో నీళ్ళు గుడగుడమని ఒక్కసారిగా దిగిపోయాయి. "చూసినావా!" అన్నాడు వరదన్ గర్వంగా. సరసమ్మకు ఒళ్ళు మండిపోయింది. తిట్టడానికి కూడా ఆగకుండా, తలుపు దగ్గరున్న గోనె సంచి లాక్కుని వీధిలోకి దూకింది.

బండ సందు బుసకొడుతోంది. తుంపరలు ఎగురుతున్నాయి. ఒకసారి మందు చుక్క పడి తన పట్టు రవిక చేయి చివికి చిల్లిపడటం ఆమెకు తెలుసు. ఇక్కడ పడితే దారాలే మిగలవు. పడుగు అంచు పక్కన కూచుని, సంచి మడిచి సందు మీద వేసి, రెండు అరచేతులతో, మోకాళ్ళతో అదిమింది.

సంచిని తడుపుకుంటూ మందు నీళ్ళు ఆమె చేతుల్లోకి వచ్చాయి. ప్రాణం పోయినంత మంట. పళ్ళు బిగించి, మొహం అన్నకు కనిపించకుండా తల దించుకుంది. తుంపరలు ఆగాయి.

"ఏమయినాది సరసూ?" ధర్మలింగం కళ్ళు దారాల మీదే ఉన్నాయి.

"ఏం లేదన్నా. నువ్వు పడుగు చూసుకో."

గొంతు వణికింది. చిన్నప్పటి నుంచీ విన్న గొంతు. ధర్మలింగం వంగి చూశాడు. గాజుల కిందుగా ఆమె చేతుల మీద తోలు తెల్లగా ఉబ్బి ఊడివస్తోంది.

"లెయ్యి!"

"లేస్తే చిందుతాదన్నా. ఎవురన్నా వొచ్చి నీతోబాటు కొస పైకెత్తేదాకా..."

ధర్మలింగం కొస కర్ర వదిలేశాడు.

మెస్సు వైపు పడుగంతా ఎంగిలి నీళ్ళలో పడింది. వీధి వీధంతా అయ్యో అంది. అతను దాన్ని తొక్కుకుంటూనే వచ్చి చెల్లెల్ని చంకల కింద చేతులేసి లేపి, అరుగు దగ్గరికి ఈడ్చుకుపోయాడు. మునెమ్మ మంచినీళ్ళ బిందె తెచ్చింది. అతను చెంబు తర్వాత చెంబు ఆమె చేతుల మీద పోస్తున్నాడు.

సరసమ్మ అన్న భుజం మీదుగా పడుగును చూసి ఘొల్లుమంది. "ఎందుకు వదిలినావన్నా! నా చేతులు ఎట్లాగూ కాలిపోయినాయి గదా! ఇంగ రవ్వంతసేపు..."

"నోరు మూసుకోని చెయ్యి చాపు" అన్నాడు ధర్మలింగం. బిందెలో ఇంకో చెంబు ముంచి పోశాడు. పడుగు వైపు మాత్రం ఒక్కసారైనా తిరిగి చూడలేదు.