గోధుమరంగు చెప్పిన తేదీ

ప్రేమదాసు మైనపు దిమ్మలోంచి ఉల్లిపొరకన్నా పలచటి ముక్క కోసి, గోరువెచ్చటి నీళ్లమీద తేలేసి, గాజుపలకతో పైకి తీశాడు. అది గర్భసంచి లోపలి పొర. రంగు పట్టించాక, హార్మోన్లను అందుకునే రిసెప్టర్లున్నచోట గోధుమరంగు తేలుతుంది. నెలసరి మొదటి సగంలో ఆ పొరలోని గ్రంథుల నిండా ఉంటుంది. అండం విడుదలయ్యాక అక్కడ పలచబడిపోతుంది. గుంటూరులోని ఆ ల్యాబులో ముప్పై ఏళ్లుగా ఇలాంటి ముక్కలు కోస్తున్న మనిషి, నల్లపాడులోని తన ఇంట్లో ‘నెలసరి’ అన్న మాట ఒక్కసారీ పలకలేదు. మొగుడు షుగరు పరీక్షలు చేస్తాడనే ఆయన భార్య స్తుతి చర్చిలో చెబుతుంది.

ఆరోజు ఆయన ఉద్యోగానికి ఆఖరిరోజు.

మధ్యాహ్నం డాక్టరు చైతన్యకృష్ణ ఒక స్లైడు చూడమని పిలిచాడు. దర్శి నుంచి వచ్చిన జ్యోతిర్మయి స్లైడు అది. పెళ్లై నాలుగేళ్లు, పిల్లల్లేరు. కాగితంలో నెలసరి వచ్చిన ఇరవై నాలుగో రోజని ఉంది. గ్రంథులేమో ముదురు గోధుమరంగులో నిగనిగలాడుతున్నాయి. రంగు ఎక్కువైందా, లేక అమ్మాయికి అండమే విడుదల కావడంలేదా అని డాక్టరు అనుమానం. రెండోదైతే ఇంజెక్షన్లు మొదలుపెడతారు.

ప్రేమదాసు రంగు సరిగ్గా పట్టిందో లేదో పోల్చుకునే నమూనా పలక కూడా చూశాడు. అది సరిగ్గానే ఉంది.

“రంగు తప్పు కాదండి. తేదీ తప్పు.”

అయితే మీరే కనుక్కోండి అన్నాడు డాక్టరు. ప్రేమదాసు చెవులు ఎర్రబడ్డాయి. మెట్లమీదికి పోయి, ఎవరూ లేరని రెండుసార్లు చూసుకుని జ్యోతిర్మయి ఇంటికి ఫోన్ చేశాడు. అత్తగారు వెంకటరావమ్మ ఎత్తింది. కోడలి తేదీ తానే క్యాలెండరులో సున్నా చుట్టానని, తప్పే లేదని గట్టిగా చెప్పింది. ఆయన బతిమాలితే ఫోన్ కోడలికిచ్చింది. జ్యోతిర్మయి దొడ్లోకి నడిచిన చప్పుడైంది.

“తేదీ తప్పని మీకెట్లా తెలిసిందండీ?”

“నెలసరి తేదీ... స్లైడులో తెలిసిపోయిందమ్మా.”

అప్పుడు చెప్పింది. ఆ వారం కల్లంలో మిరపకాయలు ఆరబోశారట. ఆ ఎండకి, ఆ ఘాటుకి కాయలు తిరగేయలేక, రాకముందే వచ్చిందని చెప్పి మూడురోజులు పడుకుందట.

“పదిరోజులకి నిజంగా వచ్చిందండి. మళ్లీ ఎట్లా చెప్తాను? కడుపునొప్పితోనే కాయలన్నీ నేనే తిరగేశా. మా అత్తకి చెప్పరుగా?”

చెప్పనన్నాడు. ఇంకో పదిరోజులకి మళ్లీ రమ్మని, ఈసారి నిజం తేదీ చెప్పమని అన్నాడు. ఆ పిల్లకి ఏ జబ్బూ లేకపోవచ్చని తోచి, గబగబా లోపలికొచ్చి అసలు తేదీ డాక్టరుకి చెప్పాడు.

తేదీ ఎవరు తప్పు చెప్పారని డాక్టరు అడిగాడు.

“మిరపకాయలండి,” అన్నాడు ప్రేమదాసు.

డాక్టరు అర్థంకాక చూసి, పద్నాలుగో రోజుకి సరిపోతుందని రిపోర్టు రాశాడు.

ఐదింటికి కేకు కోశారు, శాలువా కప్పారు. రెండు మాటలు మాట్లాడమంటే ప్రేమదాసు దండం పెట్టి కేకు ముక్క అందుకున్నాడు. ఇంటిముందు ఆటో దిగాకగాని చూసుకోలేదు, కాళ్లకి ల్యాబు రబ్బరు చెప్పులే ఉన్నాయి. ఈ సభ కోసమని స్తుతి కొనిచ్చిన నల్లబూట్లు, మేజోళ్లు లోపల కుక్కినవి కుక్కినట్టే, ల్యాబులో బల్లకింద ఉండిపోయాయి.