కింది వాక్యాలను భూతకాలంలోకి మార్చుము

అందరికీ ఆమె ఏదో ఒకటి అవుతుంది. కొట్టుకొచ్చేవాళ్లకి దర్జీ అక్క. మేడ కింద సైకిళ్లు బాగుచేసే ముసలాయనకి అమ్మాయి. లారీ నడిపే మొగుడికి, ఫోన్లో సిగ్నలు బాగుంటే, "ఏమోయ్". ఒక్క పిచ్చుకకే ఆమె ఏమీ కాదు.

పిచ్చుక అంటే మొగుడి కూతురు. తొమ్మిదేళ్లది, నాలుగో తరగతి. ఆ సన్న గొంతూ, కంచంలో నాలుగు మెతుకులు ఏరుకుని తినే తీరూ చూసి తండ్రి పెట్టిన ముద్దుపేరు. కన్నతల్లి రెండేళ్ల కిందట జబ్బు చేసి పోయింది. దర్జీ అక్క ఆ ఇంట్లో కాలుపెట్టి ఏడు నెలలైంది. "పిన్నీ అని పిలువమ్మా," అని తండ్రి మొదటి రోజే చెప్పాడు. పిల్ల బుద్ధిగా తలూపింది. ఆ ఊపిన తలే తప్ప, ఆ మాట నోటెంట రాలేదు. ఏదైనా కావాలంటే వచ్చి ఎదురుగా నిలబడి, "రబ్బరు కనపడట్లేదండీ," అంటుంది. బడిలో టీచరుతో మాట్లాడినట్టు అన్నీ మీరూ, అండీలే. వాళ్లమ్మని మాత్రం నువ్వు అనేదట. అంత మర్యాదగా ఉండే పిల్లని ఏమని కసురుకోవాలి, ఏమని దగ్గరికి తీసుకోవాలి?

ఏడాది పరీక్షల పట్టిక బీరువా తలుపుకి అంటించారు. తండ్రి సరుకు వేసుకుని పోయాడు, మళ్లీ వచ్చేది మూడు వారాలకి. "పరీక్షలు నీమీదే వదిలేస్తున్నా. లెక్కల్లో కొంచెం మొద్దు, చూసుకో," అన్నాడు ఫోన్లో. పక్కనే ఉన్న పిచ్చుకకి ఆ మాట వినపడింది. మూతి ముడుచుకుంది.

దర్జీ అక్క చదివింది పదో తరగతే. కానీ చదివించడంలో ఆమెకో ఒడుపు ఉంది. కుట్టగా మిగిలిన గుండీలు నేలమీద ఎనిమిదేసి చొప్పున ఏడు వరసలు పేర్చి, "ఇప్పుడు లెక్కపెట్టు," అనేది. ఏడో ఎక్కం ఎప్పుడు చెప్పినా ఏడెనిమిదుల దగ్గరే పిల్ల బండి మొరాయించేది. నాలుగు రోజులు గుండీలు తిరగేసేసరికి గడగడా చెప్పడం మొదలుపెట్టింది. అప్పజెప్పడం అయ్యాక పుస్తకాలు సంచీలో సర్దుకుని, "థ్యాంక్స్ అండీ," అని లోపలి గదిలోకి పోయేది. ఇవతల మిషనూ, ఆమే మిగిలేవాళ్లు. మిషనన్నా నయం, తొక్కితే పలుకుతుంది.

సోమవారం తెలుగు పరీక్ష. ముందురోజు మధ్యాహ్నం ఆమె చాపమీద గుడ్డ పరిచి సుద్దతో గీతలు గీస్తోంది. పిచ్చుక పక్కనే బాసింపట్టు వేసుకుని "మా కుటుంబం" అన్న వ్యాసం అప్పజెబుతోంది.

"మా అమ్మ పాటలు పాడుతుంది. మా అమ్మ నన్ను బడికి తీసుకెళ్తుంది. మా అమ్మ నాకు రెండు జడలు వేస్తుంది..."

గీస్తున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఏడు నెలలుగా ఆ రెండు జడలూ వేస్తున్నది తనే.  అనడానికేముంది? "కుటుంబంలో టకి వత్తు ఉండదు, రాసేటప్పుడు చూసుకో," అంది.

ఆ తర్వాత వ్యాకరణం. వాక్యాలను భూతకాలంలోకి మార్చాలి. పుస్తకంలో ఇచ్చిన పదీ పిల్ల ఇట్టే మార్చేసింది. వానొస్తుంది, వాన వచ్చింది. కుక్క అరుస్తుంది, కుక్క అరిచింది. ఒక్క తప్పు లేదు. ఎప్పుడూ లేనిది ముఖం వెలిగిపోయి, "ఇంకా ఇవ్వండి, ఇంకా ఇవ్వండి," అంది.

దర్జీ అక్క పళ్ల మధ్య నాలుగు గుండుసూదులు. కళ్లు గుడ్డమీద. చెవుల్లో ఏ మాటలు తిరుగుతున్నాయో అవే నోటికొచ్చాయి.

"మా అమ్మ పాటలు పాడుతుంది. రాయి."

పిల్ల రాయడం మొదలుపెట్టింది. "మా అమ్మ పాటలు పా" దాకా రాసి ఆగిపోయింది. పెన్సిలు కదలడంలేదేమా అని ఆమె తలెత్తేసరికి పిల్ల ముఖం కందగడ్డలా ఎర్రబడి ఉంది.

"నువ్వెవరు మా అమ్మని మార్చడానికి?"

పుస్తకం విసిరికొట్టి లోపలికి పరుగెత్తింది. తలుపు ధడాలున మూసుకుంది. గడియ పడింది.

ఆమె సూదులు అరచేతిలోకి ఉమ్ముకుని అలాగే కూలబడింది. నోరు జారాక మాట వెనక్కి తీసుకోలేం. ఇంత బుద్ధిలేని పని ఎలా చేశానా అని తనను తాను తిట్టుకుంది. తిట్టుకుంటూనే, లోపలెక్కడో ఇంకొకటి కూడా తోచింది: పిల్ల తనని నువ్వు అంది. మొదటిసారి. అలా తోచినందుకు మరింత సిగ్గేసింది.

"తప్పయిపోయిందమ్మా. చూసుకోలేదు," అంది తలుపు దగ్గరికెళ్లి.

 మొగుడికి ఫోన్ చేసింది. అందుబాటులో లేడు. వీధిలో అద్దెకి తీసుకున్న సైకిలు మీద ఎవరో పిల్లలు బెల్లు కొట్టుకుంటూ పోతున్నారు. చెప్పుకుందామంటే ఆ వీధిలో ఆమెకి పలకరింపులే తప్ప మనిషంటూ ఎవరూ లేరు.

కాసేపటికి విసిరేసిన పుస్తకం తెచ్చుకుని, తలుపుకి వీపు ఆనించి కూర్చుంది. పరీక్ష మాత్రం ఆగదు కదా. పైకి చదవసాగింది. చదివి, తనే ప్రశ్న అడిగి, తనే జవాబు చెప్పుకుంటోంది.

"సూర్యుడు ఎక్కడ ఉదయిస్తాడు? పడమర."

పేజీ తిప్పింది.

"సాలీడుకి కాళ్లెన్ని? ఆరు."

మంచం కిర్రుమంది.

"ఏడెనిమిదులు? యాభై నాలుగు."

"ఎనిమిది," అంది లోపలి గొంతు.

"యాభై ఎనిమిదా?"

"కాదు. సాలీడుకి ఎనిమిది."

"మరి ఏడెనిమిదులు?"

"యాభై ఆరు! మీకేం రాదు."

"నాకెక్కడొస్తుందమ్మా, నేను మొద్దుని."

లోపల మంచం దిగిన చప్పుడైంది. తర్వాత తలుపు అవతలే, నేలకి దగ్గరగా, గొంతు వినపడింది. "ఇంకోటి అడగండి."

ఆ పూట పునశ్చరణంతా అలాగే జరిగింది, మధ్యన తలుపు. ఆమె కావాలని తప్పు చెబుతుంది, పిల్ల దిద్దుతుంది. భూతకాలం పాఠం మాత్రం ఇద్దరూ ముట్టుకోలేదు. దీపాలు పెట్టే వేళకి గడియ తీసింది పిచ్చుక. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఆకలేస్తోందండీ," అంది.

మర్నాడు బడి గేటు దగ్గర తల్లులంతా పిల్లల చేతుల్లో పెన్సిళ్లు పెట్టి, ముద్దులు పెట్టి పంపుతున్నారు. పిచ్చుక తన పరీక్ష అట్ట తనే పట్టుకుంది. "మీరు వెళ్లండి, కొట్టుకి ఆలస్యమవుతుంది," అని లోపలికి నడిచిపోయింది. వెనక్కి తిరిగి చూస్తుందేమోనని ఆమె గంట కొట్టేదాకా నిలబడింది. పిల్ల చూడలేదు. పక్కనున్నావిడ, "మీ పాపా?" అంది. "ఆ," అనేసి గబగబా వచ్చేసింది, ఎవరో ఇంకో ప్రశ్న వేస్తారన్నట్టు. ఆ రోజు కొట్లో ఒక చొక్కాకి రెండు చేతులూ తిరగేసి కుట్టి, విప్పుకుంటూ కూర్చుంది.

రెండు వారాల తర్వాత జవాబు పత్రాలు ఇంటికొచ్చాయి. ఇంట్లోవాళ్ల సంతకం పెట్టించి తేవాలి. లెక్కల్లో యాభైకి నలభై మూడు. ఆమె ఆనందంతో చప్పట్లు కొట్టబోయి, ఎలా ఉంటుందోనని మానేసింది. తెలుగు పత్రంలో "మా కుటుంబం" దగ్గరికొచ్చి నెమ్మదిగా చదివింది.

"మా అమ్మ పాటలు పాడుతుంది. మా అమ్మ నాకు రెండు జడలు వేస్తుంది. మా నాన్న లారీ నడుపుతాడు. మా ఇంట్లో ఇంకొకరు ఉంటారు. వారు బట్టలు కుడతారు. వారు నన్ను చదివిస్తారు."

కింద టీచరు ఎర్రసిరాతో ఒక ప్రశ్నార్థకం వేసి, మళ్లీ కొట్టేసి, పదికి తొమ్మిది ఇచ్చింది.

ఇంకొకరు. వారు. మూడు వాక్యాలు ఆమె మళ్లీ మళ్లీ చదువుకుంది. దుఃఖపడాలో, సంబరపడాలో తెలియలేదు. పిచ్చుక ఎదురుగా నిలబడి ఆమె ముఖమే చూస్తోంది, మార్కులు వేయించుకుంటున్నట్టు.

"బాగా రాశావు," అంది చివరికి.

"సంతకం ఇక్కడ," అని పిల్ల వేలు పెట్టి చూపించింది. సంతకం గీత పక్కనే చిన్న అక్షరాల్లో అచ్చువేసి ఉంది: విద్యార్థికి ఏమవుతారు?

పెన్ను ఆగింది. "ఇక్కడేం రాయమంటావు?"

పిచ్చుక కిటికీలోంచి వీధిలోకి చూసింది. కాలి బొటనవేలితో నేలమీద గీత గీసింది.

"నాన్న చెప్పిందే రాయండి."

ఆమె పిన్ని అని రాసింది. పిల్ల వంగి అక్షరాలు పరిశీలనగా చూసి, వత్తు సరిగ్గా పడిందని తేల్చుకున్నాక కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది. "ఆడుకోవడానికి వెళ్తానండీ," అని మెట్లు దిగింది. సన్న గొంతు వీధిలో వేరే పిల్లల గొంతుల్లో కలిసిపోయేదాకా విని, దర్జీ అక్క లేచి మిషను ముందు కూర్చుంది.