పరుపు కింద ఎర్రగుడ్డ

నుస్రత్ కుట్టు క్లాసు నుంచి వచ్చేసరికి ఇంటి ముందు చెప్పులు కుప్పగా పడి ఉన్నాయి. అక్కకి మళ్లీ ఏమైనా అయిందేమోనని పరుగున లోపలికి వెళ్లింది. రెండుసార్లు కడుపు నిలవక, మూడోసారి నెల తప్పి పుట్టింటికి వచ్చింది అర్ఫా. తల్లి బేగం బీ ఆమెను మంచం దిగనివ్వడం లేదు.

అర్ఫాకేం కాలేదు. మంచం మీద గోడకి ఆనుకుని ముడుచుకుని కూర్చుందంతే. కానీ నేల మీద, చీపురుతో దూరంగా నెట్టిన వస్తువును చూసేసరికి నుస్రత్ అక్కడే ఆగిపోయింది. ఎర్ర శాటిన్ గుడ్డ. తల లేదు. రెండు పక్కలా చాచిన చేతులు, వాటి చివర కుచ్చులు, పొట్ట నిండా గుండుసూదులు.

"అర్ఫా పరుపు కింద దొరికింది. చేతబడి చేశారే! నా బిడ్డ కడుపులో సూదులు గుచ్చారు" అంది బేగం బీ.

ఆ మాట ఒక్కసారి బయటికి వస్తే చాలు, చేసిందెవరో చెప్పడానికి వించిపేట సందంతా సిద్ధంగా ఉంటుంది. పక్క వాటా అమలమ్మకి పిల్లల్లేరు. మొన్న కుళాయి దగ్గర బేగం బీతో గొడవపడింది. పొద్దున అర్ఫాకి పెసరట్టు తెచ్చి, ఆ మంచం మీదే కూర్చుని వెళ్లింది. ఇంకేం కావాలి? నుస్రత్ అన్న ముస్తఫా ఆటోనగర్‌లో పని వదిలేసి వచ్చాడు. చేతిలో ఇనపరాడ్డు ఉంది.

ఆ బొమ్మ కుట్టింది నుస్రతే. చర్చి వెనక హాల్లో తెరేసమ్మ టీచరు గారు జాకెట్లు కుట్టడం నేర్పుతారు. గురువారం మాత్రం మిషన్ల మీద గుడ్డలు కప్పి తలుపులేస్తారు. నర్సమ్మ వచ్చి బహిష్టు గురించీ, కడుపు గురించీ చెబుతుంది. "కుట్టు వచ్చినవాళ్లకి పటం దేనికి? గర్భసంచి మీరే కుట్టుకు రండి" అందావిడ. లంగా బొందు కుట్టి తిరగేసినట్టే పక్క గొట్టాలు తిరగేసింది నుస్రత్. లైనింగు జారకుండా సూదులు గుచ్చి, ఎవరూ చూడరని పరుపుల దొంతరలో దాచింది. అక్క కోసం అమ్మ ఆ పరుపే లాగుతుందని ఆ తెలివిగల పిల్లకి తోచలేదు.

గురువారం సంగతి ఇంట్లో చెప్పిన తన క్లాసు పిల్ల డయానాని వాళ్ల నాన్న మర్నాడే మాన్పించాడు. ఇప్పుడు నోరు విప్పితే తన కుట్టూ అంతే. విప్పకపోతే అమలమ్మ తల పగులుతుంది. ముస్తఫా అప్పుడే గుమ్మం దాటాడు.

"భాయ్, ఆగు! అది నేను కుట్టింది."

బేగం బీ గిరుక్కున తిరిగింది. "నువ్వా? సొంత అక్క మీదా?" అంటూ చెయ్యెత్తింది.

"చేతబడి కాదమ్మీ, గర్భసంచి!" అని అరిచేసింది నుస్రత్. సందు చివరిదాకా వినబడి ఉంటుంది.

చూడవచ్చిన ఇరుగుపొరుగు ఒక్కొక్కరే జారుకున్నారు; బయట చెప్పులు వెతుక్కుంటున్న చప్పుడు మొదలైంది. ముస్తఫా చెల్లెలి మొహం చూడలేక, రాడ్డు గోడకి ఆనించి అటే వెళ్లిపోయాడు. బేగం బీ తలుపు గడియ పెట్టింది.

ఇక దెబ్బలు తప్పవనుకుంది నుస్రత్. కింద కూర్చుని సూదులు తీయడం మొదలుపెట్టింది. "ఇవి లైనింగు కోసం. ఇవి చేతులు కావమ్మీ, గొట్టాలు. బిడ్డ ఉండేది ఇక్కడ."

ఆరుగుర్ని కన్న బేగం బీ దాన్ని ముట్టుకోలేదు. వంగి చూసింది. "ఇంతేనా?"

"మామూలప్పుడు మన పిడికిలంతే ఉంటుందన్నారు."

బేగం బీ పిడికిలి బిగించి దానివంక చూస్తూ ఉండిపోయింది.

"మరి నాకెందుకు నిలవడం లేదే?" అంది మంచం మీంచి అర్ఫా. ఈ మాట ఆమె ఇంతవరకూ ఎవర్నీ అడగలేదు.

"తెలీదు ఆపా. గురువారం క్లాసుకి వచ్చే నర్సమ్మని అడగాలి."

ఆ రెండు కడుపులూ పోయినప్పుడు తాయెత్తు కట్టించిందే గాని, ఎందుకు పోయాయో బేగం బీ కూడా ఎవర్నీ అడగలేదు. అడగడానికి ఆవిడకీ భయమే. అది నుస్రత్‌కి ఇప్పుడు, ఆవిడ గొంతులో తెలిసింది.

"గురువారం ఎన్నింటికి వస్తుందే ఆ నర్సమ్మ?" అంది బేగం బీ, పక్క వాటాకి వినబడకుండా.